లేక్ ఆఫ్ ది వుడ్స్‌లో వాల్‌ఐ చేపల వేట: ఋతువుల వారీగా తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికా, కెనడా సరిహద్దు మీద ఉన్న లేక్ ఆఫ్ ది వుడ్స్ సరస్సుకు గాలం పట్టుకుని వెళ్లాలనుకునే తెలుగువారు, ముఖ్యంగా మినియాపొలిస్, సెయింట్ పాల్ ప్రాంతంలో ఉంటూ మొదటిసారి బయలుదేరేవారు, సాధారణంగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఉన్నాయి. వేట నియమాలు ఏటా మారవచ్చు కనుక, ఇక్కడ చెప్పిన పరిమితులను బయలుదేరే ముందు మిన్నెసోటా సహజ వనరుల శాఖ, ఒంటారియో ప్రభుత్వం ప్రచురించే ఆ ఏటి నియమావళితో తప్పక సరిచూసుకోవాలి.

ఈ సరస్సు ఎక్కడ ఉంది? ఎంత పెద్దది?

మిన్నెసోటా రాష్ట్రం, కెనడాలోని ఒంటారియో, మానిటోబా ప్రాంతాల మధ్య పరుచుకున్న ఈ సరస్సు వైశాల్యం సుమారు 4,350 చదరపు కిలోమీటర్లు. దీనిలో 14,500కు పైగా దీవులు ఉన్నాయి. ఆగ్నేయం వైపు నుంచి రెయినీ నది వచ్చి ఇందులో కలుస్తుంది; ఉత్తరాన కెనోరా పట్టణం దగ్గర విన్నిపెగ్ నది రూపంలో నీరు బయటికి వెళుతుంది. మినియాపొలిస్ నుంచి దక్షిణపు ఒడ్డున ఉన్న బాడెట్ పట్టణానికి కారులో దాదాపు ఐదు గంటల ప్రయాణం.

పేరు ఒకటే అయినా, వేటగాడి దృష్టిలో ఇవి రెండు సరస్సులు. దక్షిణాన బిగ్ ట్రావర్స్ బే అనే విశాలమైన నీటి మైదానం ఉంది. అక్కడ దీవులు బహు తక్కువ, అడుగున బురద, ఇసుక, అక్కడక్కడా రాతి తిన్నెలు, లోతు చాలా చోట్ల ముప్పై, ముప్పై అయిదు అడుగులకు మించదు. ఉత్తరాన నార్త్‌వెస్ట్ యాంగిల్ (మిగతా మిన్నెసోటాతో నేల మీద కలవకుండా, కెనడా నేలను ఆనుకుని ఉన్న అమెరికా భూభాగపు ముక్క) దాటిన తరువాత దీవులు, రాతి ఒడ్డులు, ఇరుకు జలమార్గాలు, లోతైన నీళ్లు మొదలవుతాయి. ఏ చేప కోసం, ఏ నెలలో, ఎటువంటి పడవలో వెళ్లాలన్న నిర్ణయమంతా ఈ తేడా మీదనే ఆధారపడి ఉంటుంది.

ఇది ఈ ప్రాంతపు ఆదివాసులైన అనిషినాబె ప్రజల నేల, వారి నీరు. కెనడా ప్రభుత్వానికీ వారికీ మధ్య మూడవ నంబరు ఒప్పందం 1873లో నార్త్‌వెస్ట్ యాంగిల్ వద్దనే కుదిరింది. యాంగిల్ భూభాగంలో అధిక భాగం నేటికీ అదే ప్రజలకు చెందిన రెడ్ లేక్ తెగ అధీనంలో ఉంది. కనుక కనిపించిన ప్రతి ఒడ్డునా దిగి వంట మొదలుపెట్టడం సరికాదు. ఎక్కడ దిగవచ్చో స్థానిక గైడును అడిగి తెలుసుకోవాలి.

వాల్‌ఐ ఎటువంటి చేప? దాని కోసం ఇంత దూరం ఎందుకు వెళతారు?

వాల్‌ఐ చల్లని నీటిలో పెరిగే వేట చేప. వీపు ఆకుపచ్చ, గోధుమ రంగుల కలయిక, పక్కలు బంగారు ఛాయ, పొట్ట తెలుపు, నోటి నిండా పదునైన పళ్లు. దాని కంటి వెనుక వెలుతురును తిరిగి ప్రతిఫలింపజేసే పొర ఒకటి ఉంది. అందువల్ల మసక వెలుతురులో, కలక నీటిలో అది తన ఎర అయ్యే చిన్న చేపల కంటే బాగా చూడగలదు. తెల్లవారుజామున, సూర్యాస్తమయ వేళ, మబ్బు పట్టిన రోజున, గాలికి అలలు లేచినప్పుడు వాల్‌ఐ చురుకుగా మేత మేయడానికి కారణం ఇదే. నడినెత్తిన ఎండ, అద్దంలా నిలిచిన నీరు పడవ షికారుకు హాయిగా ఉండవచ్చును గాని, వాల్‌ఐ వేటకు అంత అనుకూలం కావు.

మిన్నెసోటా 1965లో దీనిని రాష్ట్ర మత్స్యంగా ప్రకటించింది. బాడెట్‌లో 1959లో భారీ వాల్‌ఐ విగ్రహం నెలకొల్పారు. అయితే దాని ఆదరణకు అసలు కారణం రుచి: తెల్లని కండ, నీచు వాసన చాలా తక్కువ, ముక్క కోసిన తరువాత ముళ్లు దాదాపు ఉండవు.

వసంతంలో వేట ఎలా ఉంటుంది?

సరస్సు మీది మంచు సాధారణంగా మే మొదటి వారం ప్రాంతంలో కరిగిపోతుంది. మంచు కరిగే రోజుల్లో వాల్‌ఐలు గుడ్లు పెట్టడానికి రెయినీ నదిలోకి, ఒడ్డున రాళ్లు, గులకరాళ్లు ఉన్న చోట్లకు చేరుతాయి. నీరు అయిదు నుంచి పది డిగ్రీల సెల్సియస్ మధ్య ఉన్నప్పుడు గుడ్లు పెట్టడం జరుగుతుంది. సరస్సు గడ్డకట్టి ఉండగానే మార్చి నెలలో నది తెరుచుకుంటుంది. ఆ సమయంలో నదిలో వాల్‌ఐని పట్టి వెంటనే వదిలేయడానికి మాత్రమే అనుమతి ఉంటుంది. గుడ్లతో నిండిన పెద్ద ఆడచేపలు అప్పుడే ఎక్కువగా గాలానికి పడతాయి కనుక ఈ కట్టడి ఎంతో అవసరం.

మిన్నెసోటా నీళ్లలో వాల్‌ఐ వేట మే నెల మధ్యలో ఒక శనివారం నాడు మొదలవుతుంది. అప్పటికి చేపలు నది నుంచి తిరిగి సరస్సులోకి వస్తూ ఉంటాయి. నది ముఖద్వారంలోని ఫోర్ మైల్ బే, లైట్‌హౌస్ గ్యాప్, పైన్ ఐలాండ్ ఒడ్డు ఆ వారాల్లో రద్దీగా ఉంటాయి. పడవకు లంగరు వేసి, సీసపు తల ఉన్న జిగ్ అనే కొక్కేనికి గడ్డకట్టించిన ఎమరాల్డ్ షైనర్ చిన్న చేపను గుచ్చి, అడుగుకు ఒక్క జానెడు పైన నెమ్మదిగా ఆడించడం ఇక్కడి పద్ధతి. మొదటిసారి గాలం పట్టేవారికి ఇంతకంటే సులువైన పాఠం మరొకటి లేదు. ఇక్కడి నీరు అడవుల నుంచి వచ్చే కషాయపు ఛాయలో ఉంటుంది కాబట్టి బంగారు రంగు జిగ్ ఏ ఎరల పెట్టెలోనైనా మొదట ఉండవలసినది. దాని తరువాత గులాబీ, మెరిసే ఆకుపచ్చ.

వేసవిలో?

జూన్‌లో నీరు వేడెక్కుతున్న కొద్దీ చేపలు ఒడ్డు విడిచి రాతి తిన్నెల మీదికి, ఆ తరువాత బిగ్ ట్రావర్స్ నడిబొడ్డున ఉన్న బురద మైదానాల మీదికి విస్తరిస్తాయి. అప్పుడు లంగరు వేసి కూర్చోవడం కాకుండా, పడవను నెమ్మదిగా నడుపుతూ వెనుక స్పిన్నర్‌కు (నీటిలో గిర్రున తిరిగే రేకు ఉన్న ఎర) వానపామును గుచ్చి లాగడం, ఆగస్టు నాటికి లోతుకు దిగే కృత్రిమ ఎరలను లాగడం జరుగుతుంది. కుటుంబంతో, పిల్లలతో వెళ్లేవారికి జూన్ మధ్య నుంచి జూలై వరకు మంచి కాలమని గట్టిగా చెప్పవచ్చు: పగలు పొడవు, చలి ఉండదు, దీవుల వైపు వెళితే ఒక్క రోజులోనే అయిదారు రకాల చేపలు పడే అవకాశం ఉంటుంది. దోమలు మాత్రం తీవ్రంగా ఉంటాయి. వేసవి చివరలో కొన్ని అఖాతాల్లో నీటి మీద పచ్చని నాచు తెట్టు కడుతుంది. అందులో విషపూరితమైన రకం ఉండవచ్చు కనుక అటువంటి చోట పిల్లలను, కుక్కలను నీటిలోకి దించకూడదు.

శరదృతువులో వెళ్లడం వల్ల ప్రత్యేక ప్రయోజనం ఏమైనా ఉందా?

ఉంది. సెప్టెంబరు చివర నుంచి ఎమరాల్డ్ షైనర్లు గుంపులుగా రెయినీ నదిలోకి ఎక్కుతాయి, వాటి వెనకే వాల్‌ఐలు వస్తాయి. జనం తగ్గుతారు, దోమలు ఉండవు, చేప బలిసి ఉంటుంది. చలిని, హఠాత్తుగా లేచే వాయవ్యపు ఈదురుగాలిని ఓర్చుకోగలిగిన వారికి అక్టోబరు అత్యుత్తమ మాసం.

చలికాలంలో గడ్డకట్టిన సరస్సు మీద వేట అంటే ఏమిటి? అది సురక్షితమేనా?

ఈ సరస్సుకు దేశవ్యాప్తంగా పేరు తెచ్చినది చలికాలపు వేటే. డిసెంబరులో మంచు గట్టిపడిన దగ్గర నుంచి మార్చి వరకు దక్షిణపు ఒడ్డు పొడవునా వేటకు ఉపయోగించే చిన్న గదులు వేలాదిగా సరస్సు మీద వెలుస్తాయి. రిసార్టు వారు గొలుసు చక్రాల బండిలో అతిథులను ఆ గది వరకు తీసుకువెళతారు; లోపల హీటరు, బల్లలు, నేలలో ముందుగానే తొలిచి ఉంచిన రంధ్రాలు ఉంటాయి. బయట సున్నాకు ముప్పై డిగ్రీలు దిగువన ఉన్నా లోపల స్వెటరుతో కూర్చోవచ్చు. రాత్రి అక్కడే పడుకోవడానికి మంచాలు, పొయ్యి ఉన్న గదులు కూడా దొరుకుతాయి.

మిన్నెసోటాలో మంచు మీద ఒక్కొక్కరు రెండు గాలాలు వేయవచ్చు. మంచు లేని నీటిలో ఒక్కటే. ఒక గాలాన్ని చేతిలో పట్టుకుని చప్పుడు చేసే లోహపు ఎరను పైకీ కిందికీ ఆడించాలి. రెండవ దానికి బతికిన చిన్న చేపను గుచ్చి కదలకుండా వదిలేయాలి. మొదటిది చేపను దగ్గరికి పిలుస్తుంది, చాలాసార్లు రెండవదే చేపను పడుతుంది. ఆ కాలంలో పగటిపూట లోతు నీళ్లలో వాల్‌ఐ దగ్గరి బంధువైన సాగర్ చేప పడుతూ ఉంటుంది కనుక, వాల్‌ఐ స్తబ్ధుగా ఉండే మధ్యాహ్నం కూడా ఖాళీగా గడవదు.

ఇక భద్రత విషయం. ఏ మంచూ నూటికి నూరుపాళ్లు సురక్షితం కాదు. మనిషి నడవడానికి కనీసం 4 అంగుళాల స్వచ్ఛమైన కొత్త మంచు ఉండాలని మిన్నెసోటా సహజ వనరుల శాఖ చెబుతుంది. బండ్లకు దాని కంటే చాలా ఎక్కువ మందం కావాలి. ఒకచోట రెండడుగుల మందం ఉన్న మంచు కొద్ది దూరంలో, ప్రవాహం ఉన్న చోట లేదా పగులు దగ్గర, పల్చగా ఉండవచ్చు. పెద్ద సరస్సు కనుక గాలికి, ఉష్ణోగ్రత మార్పులకు మంచు పలకలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కి గట్లు కడతాయి, కొన్నిసార్లు విడిపోయి నీరు బయటపడుతుంది. రిసార్టులు తమ మంచు రోడ్లను రోజూ పరిశీలిస్తాయి, పగుళ్ల మీద వంతెనలు వేస్తాయి. మొదటి రెండు మూడు పర్యటనలు తప్పనిసరిగా వారి రోడ్డు మీదనే, వారి గదిలోనే జరగాలి. గదిలో పడుకునేవారు కార్బన్ మోనాక్సైడ్‌ను పసిగట్టే అలారం పనిచేస్తున్నదో లేదో పడుకునే ముందే చూసుకోవాలి. ప్రాణానికి సంబంధించిన విషయం కనుక ఇందులో మొహమాటం పనికిరాదు.

వాల్‌ఐ కాక ఇంకా ఏయే చేపలు పడతాయి?

సాగర్, పసుపు పెర్చ్, నార్దర్న్ పైక్, స్మాల్‌మౌత్ బాస్, క్రాపీ, మస్కీ, టల్లిబీ, ఈల్‌పౌట్, సరస్సు స్టర్జన్ ఉన్నాయి. ఒంటారియో వైపు లోతైన చల్లని అఖాతాల్లో లేక్ ట్రౌట్ కూడా ఉంది. బాస్, క్రాపీ, మస్కీలకు దీవుల ప్రాంతం మేలు. పైక్ వేట ఈ సరస్సులో మిన్నెసోటా వైపు ఏడాది పొడవునా తెరిచే ఉంటుంది. మార్చి చివరలో, మంచు ఇంకా ఉండగానే, గుడ్లు పెట్టడానికి జిపెల్ బే వంటి లోతు తక్కువ అఖాతాలకు చేరే పెద్ద పైక్‌ల కోసం ప్రత్యేకంగా వచ్చేవారు ఉన్నారు. మస్కీని మాత్రం వదిలిపెట్టడానికే పట్టాలి. దాన్ని వెతికే వేటగాళ్లలో ఇది అలిఖిత నియమం.

సాగర్‌నూ వాల్‌ఐనీ వేరుగా గుర్తించడం రావాలి, ఎందుకంటే పరిమితి లెక్కలో వాటికి తేడా ఉంది. వాల్‌ఐ తోక కింది కొసన తెల్లని మచ్చ ఉంటుంది. సాగర్ వీపు రెక్క మీద నల్లని చుక్కలు వరుసగా ఉంటాయి. సందేహం తీరకపోతే ఆ చేపను వాల్‌ఐగానే లెక్కించాలి.

స్టర్జన్‌ను పట్టవచ్చా?

పట్టవచ్చు, కాని ఈ చేప చరిత్ర తెలుసుకున్న తరువాతనే గాలం వేయడం ఉచితం. పంతొమ్మిదవ శతాబ్దం చివరలో ఈ సరస్సు స్టర్జన్‌లను గుడ్ల కోసం, మాంసం కోసం విచ్చలవిడిగా వలలతో పట్టారు. కొద్ది దశాబ్దాల్లోనే అవి దాదాపు అంతరించే స్థితికి వచ్చాయి. ఆపైన రెయినీ నది ఒడ్డున కాగితపు మిల్లుల వ్యర్థాలు గుడ్లు పెట్టే చోట్లను పాడుచేశాయి. ఆడ స్టర్జన్ మొదటిసారి గుడ్లు పెట్టడానికి పాతికేళ్ల వయసు రావాలి, ఆ తరువాత కూడా ఏటా పెట్టదు. అటువంటి చేప తిరిగి కోలుకోవడమంటే మనుషుల తరాలు గడవడమే. నీటి కాలుష్యాన్ని అరికట్టే 1972 నాటి అమెరికా చట్టం వచ్చి నది శుభ్రపడిన తరువాత, కఠినమైన పరిమితుల వల్ల ఇప్పుడు వాటి సంఖ్య మళ్లీ పెరిగింది.

మిన్నెసోటా వైపు నియమం ప్రకారం ఒక మనిషి ఏడాదికి ఒక్క స్టర్జన్‌ను మాత్రమే, అదీ ముందుగా ట్యాగు (అనుమతి చీటీ) కొని, ఏప్రిల్ 24 నుంచి మే 7 వరకు లేదా జూలై 1 నుంచి సెప్టెంబరు 30 వరకు మాత్రమే ఉంచుకోవచ్చు; పొడవు 45 నుంచి 50 అంగుళాల మధ్య గాని, 75 అంగుళాలకు పైన గాని ఉండాలి. మే 16 నుంచి జూన్ 30 వరకు వేట పూర్తిగా నిషేధం. మిగిలిన రోజుల్లో పట్టి వదలవచ్చు. ఉంచుకునే హక్కు ఉన్నా వదిలేయడమే మేలని మా అభిప్రాయం; మనిషి ఎత్తున్న చేపను పడవ పక్కన కాసేపు చూసి నీటికి అప్పగించడంలోనే ఈ వేట తృప్తి అంతా ఉంది.

ఎన్ని వాల్‌ఐలను ఉంచుకోవచ్చు? పెద్దవాటిని ఎందుకు వదలాలి?

ఇటీవలి సంవత్సరాల్లో మిన్నెసోటా వైపు వాల్‌ఐ, సాగర్ రెండూ కలిపి ఆరు, వాటిలో వాల్‌ఐలు నాలుగుకు మించకూడదు. 19.5 నుంచి 28 అంగుళాల మధ్య ఉన్న వాల్‌ఐని వెంటనే వదిలేయాలి. 28 అంగుళాలు దాటినది ఒక్కటి మాత్రమే ఉంచుకోవచ్చు. ఒంటారియో పరిమితులు వేరు.

ఉత్తరాది చల్లని నీటిలో చేప నెమ్మదిగా పెరుగుతుంది. వదలమని చెప్పిన ఆ కొలతల మధ్య ఉన్నవాటిలో ఎక్కువ భాగం ఏటా లక్షలాది గుడ్లు పెట్టే ఆడచేపలే. ఒక పెద్ద చేపను ఇంటికి తీసుకువెళ్లినందువల్ల వచ్చే పది ముక్కలకూ, అది నీటిలో ఉంటే పుట్టుకొచ్చే సంతతికీ పోలిక లేదు. పైగా వంటకు పదిహేను, పదహారు అంగుళాల చేపే రుచి.

వదలడం కూడా నేర్చుకోవలసిన పని. చేతులు తడి చేసుకోవాలి, చేపను అడ్డంగా పట్టుకోవాలి, మొప్పల్లో వేళ్లు పెట్టకూడదు, ఫోటో కోసం ఎక్కువసేపు గాలిలో ఉంచకూడదు. ముప్పై అడుగుల కంటే లోతు నుంచి లాగిన చేపకు ఒత్తిడి మార్పు వల్ల లోపలి గాలితిత్తి ఉబ్బుతుంది, వదిలినా బతకకపోవచ్చు. అందువల్ల లోతు నీళ్లలో సరదాకు పట్టి వదులుతూ కూర్చోవడం మంచిది కాదు. కావలసినవి దొరికిన తరువాత లోతు తక్కువ నీళ్లకు వెళ్లాలి, లేదా గాలం చుట్టేయాలి.

లైసెన్సు ఎవరికి కావాలి?

మిన్నెసోటాలో 16 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ కావాలి. రాష్ట్రంలో నివసించేవారికి, బయటివారికి రుసుము వేరు. 24 గంటల, 72 గంటల స్వల్పకాలిక లైసెన్సులు కూడా ఉన్నాయి. నీటి మీద సరిహద్దు రేఖ కనిపించదు. అయినా ఆ రేఖ దాటి గాలం వేస్తే ఒంటారియో లైసెన్సు కావలసిందే.

హెచ్-1బి లేదా విద్యార్థి వీసా మీద ఉన్నవారు నార్త్‌వెస్ట్ యాంగిల్‌కు, ఒంటారియో వైపుకు వెళ్లవచ్చా?

మన వారిలో చాలామంది గమనించని చిక్కు ఇక్కడే ఉంది. నార్త్‌వెస్ట్ యాంగిల్ అమెరికా భూభాగమే అయినా, కారులో అక్కడికి చేరాలంటే మానిటోబా గుండా వెళ్లాలి. అంటే కెనడాలో ప్రవేశించి తిరిగి అమెరికాలో ప్రవేశించాలి. భారత పాస్‌పోర్టు ఉన్నవారికి కెనడా వీసా కావాలి. అమెరికా గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఆ వీసా అక్కరలేదు, పాస్‌పోర్టు, కార్డు వెంట ఉంటే చాలు. తిరిగి రావడానికి అమెరికా వీసా చెల్లుబాటులో ఉన్నదా లేదా అన్నది మరొక ప్రశ్న. పత్రాల గడువు దగ్గరపడినవారు న్యాయవాదిని సంప్రదించకుండా సరిహద్దు దాటకపోవడం మంచిది.

సరిహద్దు దాటకుండా ఉండాలనుకునేవారికి బాడెట్, వార్‌రోడ్ మధ్యనున్న దక్షిణపు ఒడ్డు చాలు. వాల్‌ఐకి అంతకంటే దూరం పోవలసిన అవసరమే లేదు. కరోనా వల్ల సరిహద్దు మూసిన 2021 చలికాలంలో యాంగిల్ వాసులు అమెరికా నీళ్ల మీదుగానే గడ్డకట్టిన సరస్సుపై రోడ్డు వేశారు.

సొంత పడవ తీసుకువెళ్లాలా, చార్టరు పడవ మాట్లాడుకోవాలా?

మొదటిసారి అయితే చార్టరు పడవే, అంటే నడిపేవారితో సహా అద్దెకు దొరికే పడవ. బిగ్ ట్రావర్స్‌లో గాలికి అడ్డం ఏదీ లేదు. ఉదయం నిశ్చలంగా ఉన్న నీరు మధ్యాహ్నానికి చిన్న పడవను ముంచగల అలలుగా మారుతుంది. చార్టరు పడవలు పెద్దవి, ఆరుగురి వరకు ఎక్కుతారు, గాలాలు, ఎర, వల వారివే, తిరిగి వచ్చాక చేపలను కోసి ఇచ్చే ఏర్పాటు కూడా చాలా రిసార్టుల్లో ఉంటుంది. సొంత పడవలో వెళ్లేవారు దీవుల ప్రాంతంలో నీటి కింద దాగిన రాళ్లను చూపించే మ్యాపు లేకుండా బయలుదేరకూడదు. పదేళ్లలోపు పిల్లలు పడవ నడుస్తున్నంతసేపూ లైఫ్ జాకెట్ ధరించి ఉండాలన్నది మిన్నెసోటా చట్టం. మే నెలలో నీరు గడ్డకట్టేంత చల్లగా ఉంటుంది కనుక ఈత వచ్చిన పెద్దలు కూడా ధరించాలి.

పట్టిన చేపను మన పద్ధతిలో ఎలా వండుకోవాలి?

వాల్‌ఐ ముక్క పల్చగా, మెత్తగా ఉంటుంది. ఉప్పు, కారం, పసుపు, అల్లం వెల్లుల్లి ముద్ద, కాస్త నిమ్మరసం పట్టించి, బియ్యప్పిండి అద్ది, వేడి పెనం మీద రెండు వైపులా వేయిస్తే దాని సహజమైన తీపి పోదు. మసాలా మోతాదు మించితే ఇంత దూరం వచ్చి పట్టిన చేపకూ దుకాణంలో కొన్న చేపకూ తేడా తెలియదు. పులుసుకు వాల్‌ఐ ముక్క తొందరగా విరిగిపోతుంది. దానికి గట్టి కండ ఉన్న ఈల్‌పౌట్ సరైనది. చూడటానికి వికారంగా ఉందని చాలామంది దానిని మంచు మీద పారేస్తారు. అది అన్యాయం, చింతపండు పులుసులో అది అద్భుతంగా ఒదుగుతుంది. పైక్ రుచికరమే గాని వీపు వెంబడి రెండుగా చీలిన ముళ్ల వరుస ఉంటుంది; దాన్ని తీసి కోయడం తెలిసినవారి చేత కోయించాలి.

పాదరసం విషయంలో జాగ్రత్త అవసరం. గర్భిణులు, గర్భం ధరించే అవకాశం ఉన్నవారు, పదిహేనేళ్లలోపు పిల్లలు వాల్‌ఐని నెలకు ఒక్క పూటకు మించి తినకూడదనీ, అదీ 20 అంగుళాల కంటే చిన్నదై ఉండాలనీ మిన్నెసోటా ఆరోగ్య శాఖ సాధారణ సలహా.

తిరిగి వచ్చేటప్పుడు పాటించవలసినవి ఏమిటి?

కోసిన ముక్కల మీద చేప రకం తెలిసేలా కొంత చర్మం ఉంచాలి. దారిలో అధికారి ఆపితే లెక్క చూపగలిగేలా మనిషికో పొట్లం చొప్పున విడిగా కట్టుకోవాలి. పడవ ఉన్నవారు నీటి నుంచి లాగిన వెంటనే కలుపు మొక్కలు తీసివేసి, అడుగు బిరడా విప్పి నీరంతా వదిలి, బిరడా విప్పిన స్థితిలోనే రోడ్డు ఎక్కాలి. మిగిలిన ఎర చేపలను సరస్సులో పోయకుండా చెత్తబుట్టలో వేయాలి. ముళ్ల నీటి ఈగ అనే పరాయి జీవి 2007లోనే ఈ సరస్సులో కనిపించింది, 2019లో జీబ్రా ఆల్చిప్పల లార్వాలు బయటపడ్డాయి. వేరే సరస్సులో పడవ దించే ముందు కనీసం అయిదు రోజులు దానిని పూర్తిగా ఆరనివ్వాలి, లేదా బాగా వేడి నీటితో కడిగించాలి.